పోలింగ్ ఆదివారం పడితే ఎట్ల? ప్రార్థన చేసి ఓటేసే అలవాటు ఉన్న సంఘాలకు సందేహాలు

ప్రశ్న: నర్సంపేట యూత్ సెక్రటరీ

అందరికీ వందనాలు. మాది నర్సంపేట దగ్గర పల్లె, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మా దగ్గర ఓటు రోజుకు పాతకాలం నుంచి కొన్ని పద్ధతులున్నయి. ముందురోజు రాత్రి ఇంటింట్ల కుటుంబ ప్రార్థన. పొద్దున పెద్దోళ్లు ఉపవాసముంటరు. గుడి (మా చర్చి) కాడ జమై ఒక పాట, ఒక ప్రార్థన, అక్కడినుంచి అందరు కలిసి ఓట్లు పడే బడికి నడుసుడు. ఓటు పడ్డంకనే మంచినీళ్లు ముడుతరు. ఈ పద్ధతి పోవద్దని నా ఆశ, కానీ రూల్ తప్పొద్దు.

2025 డిసెంబర్ 14న పంచాయతీ ఎన్నికల రెండో విడత ఆదివారమే వచ్చింది. ఓటింగ్ పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా. మా ఆరాధన పదిన్నరకు మొదలై ఒంటిగంటకు అయితది. మళ్లొకసారి గట్ల పడితే టైమ్ ఎట్ల పెట్టుకోవాలె? ప్రకటనలు చదివేటప్పుడు అయ్యగారు (పాస్టరు) ఓటు గురించి ఎంతవరకు మాట్లాడొచ్చు? చేతుల బైబిల్ పట్టుకొని లోపలికి పోవచ్చా? బ్యాలెట్ మీద కొట్టేది స్వస్తిక్ ముద్ర అని కొందరు అవ్వలు వెనుక ముందు అయితున్నరు, వాళ్లకు ఏం చెప్పాలె? ఇంకోటి, బాప్తిస్మం తీసుకున్నంక పేరు మారినోళ్లకు లిస్టుల పాత పేరే ఉన్నది. తెలిసినోళ్లు వివరంగ చెప్పగలరు.

జవాబు 1: రిటైర్డ్ సారు, హన్మకొండ (ఎలక్షన్ డ్యూటీలు తెలిసినవాడిని)

తమ్మీ, ముందు టైమ్ సంగతి. పంచాయతీ పోలింగ్ ఒంటిగంటకు ముగుస్తుంది. ఆ టైమ్‌కు ఆవరణలో క్యూలో ఉన్నవాళ్లకు చీటీలు ఇచ్చి ఓటు వేయిస్తారు, గేటు బయట ఉన్నవాళ్లకు లేదు. పదిన్నర ఆరాధన కుదించి పన్నెండున్నరకు వదులుదాం అనుకుంటే, సంఘమంతా ఒక్కసారే బడి మీద పడుతుంది. ఒక్కొక్కరికి సర్పంచ్‌ది గులాబీ బ్యాలెట్, వార్డు మెంబర్‌ది తెల్ల బ్యాలెట్, రెండు ఇవ్వాలి, రెండు ముద్రలు, రెండు మడతలు. ముసలివాళ్ల దగ్గర ఆలస్యం అవుతుంది. చివరి అరగంట మీద ఆధారపడకండి.

మధ్యాహ్నం ఆరాధన కూడా కుదరదు. రెండు గంటలకు లెక్కింపు మొదలై సాయంత్రానికల్లా ఊళ్లో డప్పులు, పటాకులు. వాక్యం వినబడదు.

కాబట్టి తెల్లవారి ఆరాధన పెట్టుకోండి. ఐదున్నరకు మొదలు, ఆరుంపావుకు దీవెన. రెండు పాటలు, ఒక పాఠం, పది నిమిషాల ప్రసంగం, కానుక, చాలు. బల్ల (ప్రభురాత్రి భోజనం) ఉన్న ఆదివారమైతే దాన్ని తర్వాతి వారానికి జరపడం మంచిది, ఆ ముప్పావు గంటలో బల్లను హడావుడి చేయొద్దు. ఒక్క జాగ్రత్త: రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు లౌడ్ స్పీకర్‌కు అనుమతి లేదు. ఆరు దాటేదాకా గుడి మీది మైకు బంద్ పెట్టి గంట కొట్టుకోండి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలైతే ఈ తిప్పలు ఉండవు, పోలింగ్ సాయంత్రం దాకా సాగుతుంది. అయినా టైమ్ చూసుకోవాలి. 2023 నవంబర్ 30న రాష్ట్రమంతా 5 గంటల వరకు ఉంటే ములుగు, భూపాలపల్లి, మంథని లాంటి 13 నియోజకవర్గాల్లో 4 గంటలకే ముగిసింది.

కలిసి నడవడం తప్పు కాదు. కానీ సున్నంతో గీసిన వంద మీటర్ల గీత దగ్గర గుంపు ఆగిపోవాలి. అక్కడ పాట ఆపేసి ఎవరి వార్డు క్యూలోకి వాళ్లు పోవాలి. పంచాయతీలో వార్డుకో పోలింగ్ కేంద్రం, ఒకే బడిలో వేర్వేరు గదులు, ఎట్లాగూ విడిపోక తప్పదు. గీత లోపల గుంపుగా పాడుతూ పోతే, మీ మనసులో ఏమీ లేకపోయినా ఏదో ఒక ఏజెంటు అభ్యంతరం చెప్తాడు. పోలీసు వచ్చి పంపిస్తాడు, ముసలివాళ్లు బెదిరి ఓటు వేయకుండానే ఇంటికి పోతారు. జరిగే నష్టం అదే.

మెడలో సిలువ, చేతిలో చిన్న బైబిల్ ఉంటే ఎవరూ తీయమనరు. ఫోన్ మాత్రం లోపలికి వద్దు. బైబిల్ యాప్ ఫోన్‌లో ఉందంటే ఒప్పుకోరు. బైబిల్ మధ్యలో ఏ పార్టీ కరపత్రమో, గుర్తున్న చీటీయో లేకుండా చూసుకోండి. ముద్ర వేసే అట్టపెట్టె చాటున కళ్లు మూసుకొని మనసులో ఒక మాట చెప్పుకోవడానికి అడ్డం లేదు. గట్టిగా ప్రార్థన చేస్తే మాత్రం ప్రిసైడింగ్ అధికారి కదలమంటాడు, వెనుక క్యూ ఉంటుంది.

ఇక ముద్ర. మనం మాటల్లో స్వస్తిక్ అంటాం, ఎన్నికల సంఘం వాడే పేరుకు అర్థం బాణాల క్రాస్ గుర్తు. దాన్ని అట్లా వంకరగా చేయడానికి కారణం ఉంది. బ్యాలెట్ మడిచినప్పుడు తడి సిరా అవతలి అభ్యర్థి గడిలో అంటుకుంటే, అద్దంలో చూసినట్టు తిరగబడిన బొమ్మ పడుతుంది. లెక్కించేవాళ్లు ఏది అసలు ముద్రో, ఏది అంటుకున్న మరకో వంపు దిక్కు చూసి చెప్పగలుగుతారు. గుండ్రటి ముద్రయినా, మామూలు ప్లస్ గుర్తయినా తిరగబడినా ఒకేలా ఉంటుంది, తేడా తెలియదు. అవ్వలకు ఒక కాగితం మీద బెండకాయ ముక్కకు సిరా అద్ది కొట్టి, మడిచి విప్పి చూపించండి, మరక ఎట్లా అంటుకుంటుందో తెలిసిపోతుంది.

మడత కూడా నేర్పండి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. నిలువు మడతలో సిరా అంటుకున్నా అదే అభ్యర్థి వరుసలో ఉంటుంది. బ్యాలెట్ తీసుకునే ముందు వేలిముద్ర వేసినవాళ్లు బొటనవేలు గుడ్డకు గట్టిగా తుడుచుకోవాలి. ఆ సిరా వేలిముద్ర బ్యాలెట్ మీద పడితే లెక్కింపులో తగాదా.

అన్నిటికన్నా ముఖ్యమైంది: భక్తి కొద్దీ బ్యాలెట్ మీద పెన్నుతో సిలువ గీయడం, 'యేసయ్యా' అని రాయడం, వాక్యం నంబరు వేయడం చేయొద్దు. ఓటరు ఎవరో పట్టించే రాత గానీ గుర్తు గానీ ఉంటే ఆ ఓటు చెల్లదు. ఇచ్చిన ముద్రతో కాకుండా పెన్నుతో టిక్కు పెట్టినా చెల్లదు. దేవునికి రాసిన మాట వల్ల పోయేది ఓటే.

సిరా చుక్క గురించి కూడా. అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా నల్లబడుతుంది. ఎడమ చూపుడు వేలు ఆరేదాకా కొంగుకు, ముఖ్యంగా ఆరాధనకు కట్టిన తెల్లచీరకు తగలనీయొద్దు, ఉతికినా పోదు. ఉపవాసం ఉన్న షుగర్ పేషెంట్లను ఎండలో నిలబెట్టొద్దు, ఏడింటికే పంపండి. 2024 పార్లమెంటు పోలింగ్ మే 13న జరిగింది, ఆ నెల ఎండలో ఖాళీ కడుపుతో క్యూ అంటే కళ్లు తిరుగుతాయి. మందు వేసుకునేవాళ్లకు ఉపవాసం వద్దని అయ్యగారే ముందు చెప్పాలి, మీరు చెప్తే వినరు.

జవాబు 2: ఓరుగల్లు వకీలు

సారు టైమ్ సంగతి బాగా చెప్పారు. నేను గుడి లోపలి మాట చెప్తాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే వస్తుంది.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 123(2) చాలామంది పాస్టర్లు చదవలేదు. ఒక ఓటరుకు గానీ, అతనికి కావలసినవాళ్లకు గానీ దైవకోపం తగులుతుందని, ఆత్మీయ శిక్ష పడుతుందని నమ్మించబోవడం అక్రమ ప్రభావం కిందికి వస్తుంది. 'ఫలానా ఆయనకు వేయకపోతే దేవుని ఉగ్రత' అన్నా, 'వాళ్లకు వేస్తే బల్లకు రానీయం, సంఘం నుంచి పేరు కొట్టేస్తాం' అన్నా ఇందులోనే పడుతుంది. సెక్షన్ 123(3) ప్రకారం మతం పేరు చెప్పి ఓటు అడగడం కూడా కుదరదు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం నలుగురు, ముగ్గురుగా చీలి ఇచ్చిన తీర్పులో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పినా తప్పేనని తేల్చింది. ఇవి అసెంబ్లీ, పార్లమెంటుకు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలోనూ ఎన్నికల అక్రమాలపై నిషేధాలున్నాయి, కాబట్టి ఊరి ఎన్నిక కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

గుడి ఆవరణ విషయంలో వేరే చట్టం ఉంది. మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం 1988. గుడి ఆవరణను రాజకీయ పనికి వాడితే ఐదేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా. ఎన్నికల నియమావళిలో కూడా చర్చిలు, మసీదులు, గుళ్లు ప్రచార వేదికలు కారాదని ఉంది. ఆరాధన అయ్యాక అభ్యర్థికి మైకు ఇచ్చి 'రెండు మాటలు మాట్లాడండి అన్నా' అనడం మన పల్లెల్లో మామూలైపోయింది. కేసు ఆ మైకు ఇచ్చినవాళ్ల మీదికి వస్తుంది. అభ్యర్థి వచ్చి కూర్చొని ప్రార్థించుకొని పోతే అభ్యంతరం లేదు, అందరిలాగే వెనుక బెంచీ మీద కూర్చుంటాడు. స్టేజీ వద్దు, శాలువా వద్దు.

డిసెంబర్‌లో ఎన్నికలొస్తే పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లతో ఇంకో చిక్కు. కేకు, చీరలు, దుప్పట్లు అభ్యర్థి డబ్బుతో పంచితే అది కానుక కాదు, లంచం. గుడికి రేకులు, కుర్చీలు, మైకు సెట్టు ఇస్తానని ఓట్లు అడగడమూ అంతే. భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద ఇచ్చినవాడే కాదు, తీసుకున్నవాడూ నేరస్తుడే. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంఘ కమిటీ పెద్దలు ఈ మాట చిట్టా పుస్తకంలో తీర్మానంగా రాసుకోవడం మంచిది: నోటిఫికేషన్ రోజు నుంచి ఫలితాల దాకా అభ్యర్థుల నుంచి, వాళ్ల మనుషుల నుంచి విరాళం తీసుకోము. రాసి సంతకాలు పెడితే ఇంటికొచ్చి అడిగేవాడికి చూపించడానికి కాగితం ఉంటుంది. కోశాధికారి ఒక్కడే మొహమాటం మోయక్కర్లేదు.

అయ్యగారు ఏం చెప్పొచ్చు అంటే: ఫలానా రోజు పోలింగ్, ఫలానా టైమ్, అందరూ ఓటు వేయండి, డబ్బు తీసుకోవద్దు, అధికారుల కోసం ప్రార్థించండి. ఇంతవరకు ఎక్కడా చిక్కు లేదు. 1 తిమోతి 2వ అధ్యాయం మొదటి వచనాలు చదివితే ఆ రోజుకు సరిపోతుంది. పేరు, గుర్తు, రంగు, 'మనోళ్లు' అన్న మాట, ఈ నాలుగూ నోట్లోంచి రాకూడదు. పువ్వు, చెయ్యి, కారు అంటూ పోలికలు చెప్పే ప్రసంగం కూడా వద్దు. వినేవాళ్లకు అర్థమవుతుంది, రికార్డు చేసేవాడికీ అర్థమవుతుంది.

నర్సంపేట యూత్ సెక్రటరీ:

సార్లిద్దరికీ వందనాలు. తీర్మానం మాట ఈ వారమే కమిటీల పెడుత. ఇంకో సంగతి అడుగుడు మర్చిన. మా దిక్కు డబ్బులిచ్చి బైబిల్ మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటరు. తీసుకున్నోళ్లు 'ఒట్టు వేసినం, తప్పితే పాపం' అని భయపడుతున్నరు. దీనికి ఏం చెప్పాలె? లేవలేని ముసలోళ్ల సంగతి కూడ చెప్పున్రి.

జవాబు 3: ఫాతిమానగర్ సిస్టర్

తమ్ముడూ, పేర్ల సంగతి ఎవరూ ముట్టలేదు, అది చెప్పి నీ రెండో ప్రశ్నకు వస్తాను.

జాబితాలో ఎల్లమ్మ, సంఘంలో ఎలీసమ్మ అయితే ఓటు హక్కు పోదు. పోలింగ్ రోజు జాబితాలో ఉన్న పేరే చెప్పాలి. మొదటి అధికారి పేరు చదివినప్పుడు 'నా పేరు అది కాదు' అని వాదిస్తే అక్కడే గొడవ మొదలవుతుంది. ఓటరు కార్డులో అక్షరం తప్పులు, చిన్న తేడాలు ఉంటే, మనిషి ఆమేనని తేలితే ఆపకూడదు. బాప్తిస్మ సర్టిఫికెట్ మాత్రం గుర్తింపు పత్రం కాదు. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఫొటో ఉన్న పింఛను కాగితం లాంటివి పనికొస్తాయి. ఒక్కటే మాట గుర్తుంచుకోండి: కార్డు ఎన్ని ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు.

పేరు మార్చుకోవాలంటే ఫారం 8. మొదట ఆధార్‌లో మార్చుకుంటే పని సులువు, లేకపోతే రెండు పేర్లు రెండు చోట్ల తిరుగుతాయి. ఊరు మారినవాళ్లకు కూడా 2022 ఆగస్టు నుంచి అదే ఫారం 8. బదిలీ మీద తిరిగే పాస్టర్లు, ఫాదర్లు, మఠకన్యలు దీన్ని ఎక్కువగా మర్చిపోతారు. కొత్త విచారణకు (పారిష్‌కు) వచ్చిన నెలలోనే బీఎల్ఓను (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారిని) కలిస్తే సరిపోతుంది, నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే దక్కకపోవచ్చు. పంచాయతీ జాబితా కూడా అసెంబ్లీ జాబితా నుంచే వార్డుల వారీగా తీస్తారు, కనుక అక్కడ సరిచేస్తేనే ఇక్కడ సరి. కొన్ని కుటుంబాలకు ఇంకో భయం ఉంది, ఫారం నింపితే మతం బయటపడి ఏదో అవుతుందని. కొత్త ఓటుకు ఇచ్చే ఫారం 6లో మతం, కులం అడగరు. ఎస్సీ రిజర్వుడు వార్డయినా ఓటు అందరిదీ. రిజర్వేషన్ పోటీచేసేవాళ్లకే.

లేవలేనివాళ్లు: అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్లు ఫారం 12డి ఇస్తే సిబ్బంది ఇంటికే వచ్చి ఓటు వేయిస్తారు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఇవ్వాలి. ఒప్పుకున్నాక మళ్లీ బూత్‌కు వెళ్లి వేయడానికి వీల్లేదు. కళ్లు కనబడనివాళ్లు, ఒంట్లో శక్తి లేక బటన్ నొక్కలేనివాళ్లు 18 ఏళ్లు నిండిన ఒక తోడును తీసుకుపోవచ్చు. ఆ తోడు ఆ రోజు ఇంకెవరికీ తోడు పోకూడదు, ఓటు ఎవరికి పడిందో చెప్పనని సంతకం చేయాలి. సంఘంలో ఐదుగురు అవ్వలుంటే అయ్యగారే ఐదుగురికీ నొక్కి వస్తారు అనుకోవద్దు, అది కుదరదు. కుదిరినా మంచిది కాదు. చదువు రాదన్నది ఒక్కటే కారణమైతే తోడును పంపరు. గుర్తు చూసుకొని వాళ్లే వేసుకోవాలి.

ఒట్టు సంగతి. డబ్బుతో కొన్న ఒట్టు చట్టం ముందు నిలవదు. దేవుని ముందు సంగతి అంటావా, తప్పు పనికి దేవుని పేరు వాడింది ఒట్టు వేయించుకున్నవాడు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు అసలు ఒట్టే పెట్టుకోవద్దన్నాడు, అవునంటే అవును, కాదంటే కాదు. ఒట్టు వేసినవాళ్లు పాపం ఒప్పుకోవాల్సింది డబ్బు పుచ్చుకున్నందుకు, ఇంకొకరికి ఓటు వేసినందుకు కాదు. భయపడే అవ్వ పక్కన కూర్చొని ఈ మాట మెల్లగా చెప్పాలి, గుడిలో అందరి ముందు కాదు. పేరు పెట్టి సిగ్గుపరిస్తే రేపటినుంచి ఆమె గుడికే రాదు. నిర్గమకాండం 23వ అధ్యాయం, 8వ వచనం పోలింగ్‌కు మూడు వారాల ముందే చదవండి. డబ్బు చేతికొచ్చాక చదివితే అది గద్దింపు అవుతుంది.

జవాబు 4: డోర్నకల్ గంట

తమ్మీ, మీ పద్ధతిల నాకు నచ్చింది ముందురోజు కుటుంబ ప్రార్థన. నచ్చనిది ఒక్కటే. ప్రార్థన అయినంక పెద్దమనిషి లేచి 'అందరం ఒక్కమాట మీద ఉందాం' అంటడు చూడు, అది. మీ ఊళ్ల అనకపోవచ్చు, చాన ఊళ్లల్ల అంటరు. ఇంటాయన చెప్పిందే ఇంటామె వేసుడు కూడ ఇదే లెక్క. ఓటు రహస్యం అని చట్టం పెట్టింది బయటి దొరల నుంచి కాపాడటానికి మాత్రమే కాదు, సొంత ఇంటినుంచి, సొంత గుడినుంచి కూడ. కుటుంబ ప్రార్థనల అభ్యర్థుల పేర్లు ఎత్తాలంటే అందరి పేర్లు ఎత్తుండ్రి, ఓడిపోయేటోడి పేరు కూడ. నాలుగు పేర్లున్నయి అంటే నాలుగు. పోలింగ్ సిబ్బంది కోసం ఒక మాట, ముందురోజే సామాన్లు తీసుకొని వచ్చి బడిల నేల మీద పండుకుంటరు. తర్వాత ఐదు నిమిషాలు ఎవరికి వాళ్లు నిశ్శబ్దంగ కూసోవాలె. ఆమెన్ చెప్పి దీపం తీసేయాలె. చర్చ ఉండద్దు.

మన డోర్నకల్‌కు ఈ విషయంల ఒక పాత సంబంధం ఉన్నది. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సభల మొదటి భారతీయ బిషప్‌గ అభిషేకమైన మన డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు (క్రైస్తవులే ఓటేసే సీట్లు) కావాలె అన్న మాటను ఒప్పుకోలే. 1935 భారత ప్రభుత్వ చట్టంల క్రైస్తవులకు వేరే సీట్లు వచ్చినయి కూడ, అయినా ఆయన మాట మారలే. సంఘమంతా ఒక ఓటు మూటగ మారుడు విశ్వాసానికి నష్టమని ఆయన భయం. ఒక్కమాట మీద ఉందాం అనే పెద్దమనుషులకు ఈ సంగతి చెప్పుండ్రి.

ఆదివారం తేదీ మార్చుమని అడగొచ్చా అంటే, అడగొచ్చు. 2023ల మిజోరం ఓట్ల లెక్కింపు మనతోటే డిసెంబర్ 3 ఆదివారం పెట్టిన్రు. అక్కడ ఆదివారం పవిత్రమని గట్టిగ వినతులు పోతే, డిసెంబర్ 1న ఎన్నికల సంఘం దాన్ని సోమవారం 4కు మార్చింది. మనకు అదే ఆదివారం లెక్కింపు జరిగిపోయింది, అది క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారం. మిజోరంల దాదాపు అందరు క్రైస్తవులే, మన దగ్గర కొద్దిమందిమి, తేడా ఉన్నది. పంచాయతీలకైతే రాష్ట్ర ఎన్నికల సంఘానికి రాయాలె, అది కూడ షెడ్యూల్ రాకముందు, డయోసిస్ (బిషప్ ఆఫీసు) లెటర్‌హెడ్ మీద, తేదీ మార్పు కాకపోతే కనీసం పోలింగ్ టైమ్ మధ్యాహ్నం దాటించమని. షెడ్యూల్ వచ్చినంక రాసిన కాగితం ఫైల్లనే ఉంటది.

ఒక చిన్న సంగతి. పంచాయతీల ఇద్దరికి సమానం ఓట్లు వస్తే చీటీలు తీస్తరు. ఓడినోళ్లు 'దేవుడు అన్యాయం చేసిండు' అని, గెలిచినోళ్లు 'దేవుడే తీసిండు చీటీ' అని గుడిల సాక్ష్యం చెప్తరు. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంల యూదా స్థానానికి మత్తీయ పేరు మీద చీటి పడ్డది నిజమే, కానీ వాళ్లు ముందు ఇద్దరినీ యోగ్యులే అని నిలబెట్టి, ప్రార్థన చేసి, తర్వాత చీట్లు వేసిన్రు. గెలుపు సాక్ష్యాలు ఆ ఆదివారం చెప్పనీయకుండ్రి, సంఘంల రెండు వైపులవాళ్లు కూసుంటరు.

తెల్లవారి ఆరాధనకు మా సలహా: గంట ఐదింటికి ఒకసారి, ఐదుంపావుకు ఇంకోసారి. డిసెంబర్ చలిల ముసలోళ్లకు గుడి వెనుక నెగడు వేయుండ్రి, ఓటేసి వచ్చినోళ్లకు ఉపవాసం విడువడానికి అక్కడనే పెద్ద గిన్నెల చాయ, అటుకులు. ఆ చాయ డబ్బులు స్త్రీల మైత్రి (గుడి ఆడోళ్ల సంఘం) డబ్బాలకెల్లి ఇయ్యాలె, ఎవలు పెట్టిన్రని అడిగితే ఆ పేరే చెప్పేటట్టు.

నర్సంపేట యూత్ సెక్రటరీ:

అందరికీ చాన వందనాలు. మొదలు ఫారం 8 అవసరమున్నోళ్ల పేర్లు రాస్తున్న, ఇప్పటికి పదకొండు మంది తేలిన్రు. బెండకాయ ముద్ర వచ్చే స్త్రీల మైత్రి కూటంల చూపిస్త.